కర్ర మీద డబ్బా

అక్టోబరు 3, 2003

ఇది ఎరువుల కొట్టు వాళ్ళు పోయినేడు ఇచ్చిన డైరీ. మా ఆయన నాలుగు పేజీలు రాసి వదిలేశారు. మిగతాది నేను వాడుకుంటాను. పెట్టెలో చీరల కింద పెడితే ఎవరూ చూడరు. ఈ ఇంట్లో నాకు మాట్లాడటం రాదు. రాయటం మాత్రం ఏడో తరగతి దాకా నేర్చుకున్నాను.

ఇవాళ ఆయన గుంటూరు నుంచి రెండు కుందేళ్ళు తెచ్చారు. టమాటా బుట్టలో పెట్టి, పైన గోనెపట్టా కట్టి. "రాజ్యం, ఇవి నీకే" అన్నారు. నా పూర్తి పేరు సామ్రాజ్యం, మా నాయనమ్మ పేరు. ఎందుకు తెచ్చారో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. పోయిన కార్తీకంలో నాకు మూడో నెలలో కడుపు పోయింది. అప్పట్నుంచి ఊరికే గోడకేసి చూస్తూ కూర్చుంటానని ఆయన బెంగ.

అత్తయ్య బుట్టలోకి తొంగి చూసి, కోసుకు తినేవా, చూసుకునేవా అని అడిగింది. చూసుకునేవే అన్నారాయన. "మన గేదెకి లేని వైభోగం" అని లోపలికి వెళ్ళిపోయింది. మామయ్య మాత్రం మురిసిపోయి, పెరుగన్నం కలిపి తెచ్చారు. మనింట్లో ఎవరూ పస్తు ఉండకూడదట.

ఒకటి కొంచెం పెద్దది, చెవుల చివర నలుపు. రెండోది చిన్నది, ఒళ్ళంతా తెలుపు. పేర్లు పెట్టను. పోయినసారి మనసులో పేరు అనుకున్నాకే పోయింది.

అక్టోబరు 4

నెల తప్పి పద్ధెనిమిది రోజులు. ఇక్కడ కూడా రాయకూడదనుకున్నాను. రాసేశాను. మూడో నెల దాటేదాకా ఎవరికీ చెప్పను. ఆయనకి కూడా. పోయినసారి రెండో నెలకే ఊరంతా తెలిసింది.

అక్టోబరు 7

చిన్నదానికి విరేచనాలు. తోక చుట్టూ అంటుకుపోయింది.

తలా ఒకటి పెడుతున్నారు. మామయ్య అన్నం పెడతారు. అత్తయ్య విసుక్కుంటూనే చిట్టు కలిపి పెడుతుంది, గేదెకి పెట్టినట్టు. పక్కింటి శివపార్వతి వదిన నానబెట్టిన శనగలు తెచ్చింది. ఆయన సంతలో క్యాబేజీ ఆకులు ఏరుకొచ్చారు. ఎవరినీ వద్దనలేకపోయాను. పెద్దది వాసన చూసి వెనక్కి పోయేది, చిన్నది అన్నీ తినేసింది. ఏం పెట్టినా తినే జీవానికి ఏది మంచిదో మనమే తెలుసుకోవాలి. నాకేం తెలుసు?

పశువుల ఆసుపత్రి కాంపౌండరు ఇమాం హుస్సేన్ గారు రేపు మా వీధిలో గేదెలకి సూదులు వేయటానికి వస్తారట. అడగాలి. ఎలా అడగాలో తెలియటం లేదు.

అక్టోబరు 8

నోటితో అడగలేక కాగితం మీద రాసి ఇచ్చాను. "కుందేళ్ళకు ఏమి పెట్టవలెను, ఏమి పెట్టకూడదు." ఇమాం గారు చదివి, నవ్వకుండా, అదే కాగితం వెనకాల రాసి ఇచ్చారు. పోగొట్టుకోకుండా ఇక్కడ ఎక్కిస్తున్నాను.

గడ్డే ముఖ్యం. గరిక, ఎండు గడ్డి ఎప్పుడూ ముందు ఉండాలి. అన్నం, చిట్టు, రొట్టె వద్దు. శనగలు ఎప్పుడన్నా నాలుగు గింజలు. క్యాబేజీ వేస్తే కడుపు ఉబ్బుతుంది. ఆకుకూర రోజుకి గుప్పెడు, తడి లేకుండా. టమాటా ఆకు, దుంపల మొలకలు ముట్టించవద్దు. నీళ్ళు ఎప్పుడూ ఉండాలి, నిండుగా, శుభ్రంగా.

తెల్లవారుజామున అవి తమ పెంటికలు తామే తింటున్నాయని అత్తయ్య ఆయన ముందే అసహ్యించుకుంది. ఇమాం గారు, అది వాటి అలవాటమ్మా, తినకపోతేనే జబ్బు అన్నారు. "ఇంత బతుకు బతికి ఇంటెనక చచ్చినట్టు, తెల్లగా ఉండి ఇదేం తిండి" అంది అత్తయ్య. నాకు నవ్వొచ్చింది. పమిట అడ్డం పెట్టుకున్నాను.

వెళ్ళబోతూ ఇమాం గారు అడిగారు, గడ్డి ఎక్కడ కోస్తావమ్మా అని. కాలవ గట్టు మీద అని చెప్పాను. చేల గట్ల మీద కోసేటప్పుడు కర్ర చూసుకో అన్నారు. అది చెప్పాలా? మా ఊళ్ళో చంటిపిల్లలకి కూడా తెలుసు. మందు కొట్టిన చేను గట్టు మీద కర్ర పాతి, మూత కోసేసిన మందు డబ్బా బోర్లిస్తారు. ఏడు రోజులు ఆ గట్టున గడ్డి కోయరు, ఆకు తుంచరు, గొడ్లను తోలరు. ఏడు రోజులయ్యాక ఎవరు పాతారో వాళ్ళే తీస్తారు.

అక్టోబరు 11

విరేచనాలు కట్టాయి. గరిక తింటుంటే చిన్న చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వింటూ కూర్చుంటే ఇంకేం గుర్తుకు రాదు.

నీళ్ళకే ఇబ్బంది. మట్టి చిప్ప పెడితే తలతో కుమ్మి ఒలకబోస్తున్నాయి. మధ్యాహ్నానికి చిప్ప ఎండిపోయి ఉంటుంది. నీళ్ళు ఎప్పుడూ ఉండాలి అని రాశారు.

అక్టోబరు 13

మా పైచేను మిరపకి ఇవాళ మందు కొట్టారు. ఆయన వచ్చేసరికి వాసన గుమ్మం దాకా వచ్చింది. బట్టలు కర్రతో ఎత్తి నీళ్ళలో వేశాను. చేత్తో ముట్టుకోలేదు. ముట్టుకోలేదు.

అక్టోబరు 15

ఆయన అద్దంకి వెళ్ళారు. వాళ్ళ అక్క ఇంటి దగ్గర బోరు వేస్తున్నారట, మూడు రోజులు పడుతుందట.

పైచేలో కలుపు తీసే వాళ్ళకి మంచినీళ్ళు ఇచ్చి వస్తుంటే గట్టు మీద డబ్బా కనపడింది. రేకు డబ్బా, అడుగు భాగం వెడల్పు, కుందేలు తల పట్టేంత మూతి. బరువుగా ఉంది. కుమ్మినా పడదు.

తీసుకున్నాను.

బూడిదతో మూడుసార్లు, కుంకుడు రసంతో రెండుసార్లు తోమాను. వాసన పోయింది. ముక్కు పెట్టి చూశాను. ఊళ్ళో ఇలాంటి డబ్బాలతో ఎంతమంది నీళ్ళు మోయటం లేదు? గాలికి పడిపోయిందనుకుంటారు. ఇంక ఐదు రోజులేగా. ఆయన రాగానే ఇంకో డబ్బా బోర్లిస్తారు.

నీళ్ళు సాయంత్రం దాకా నిండుగానే ఉన్నాయి.

అక్టోబరు 16

పొద్దున అత్తయ్య గోంగూర తెచ్చింది. ఒడి నిండా. నేను కాలవకి బట్టలు తీసుకెళ్ళాను. వచ్చేసరికి పచ్చడి నూరటం అయిపోయింది. మామయ్య తింటున్నారు. కాడలు, ముదురాకులు కుందేళ్ళకి వేసిందట అత్తయ్య, పోనీలే ఇవాళ వాటికీ పండగ అని.

ఎక్కడిది అత్తయ్యా అని అడిగాను. ఎప్పుడూ ఏదీ అడగను కాబట్టి ఆవిడ నా మొహం వంక చూసింది.

"పైచేను గట్టు మీదిదే. లేతగా ఉంది. మందు కొట్టి చాలా రోజులయినట్టుంది, కర్ర మీద డబ్బా లేదు."

అత్తయ్య రోజులు లెక్కపెట్టదు. ఆయన రెండు చేలకీ మార్చి మార్చి కొడుతుంటారు. ఏది ఎప్పుడన్నది ఆవిడకి గుర్తుండదు. డబ్బా చూస్తుంది, అంతే. ముప్పయ్యేళ్ళుగా అంతే.

చెప్పాలనుకున్నాను. నోరు తెరిచాను కూడా. డబ్బా ఏదీ అంటే? మామయ్య అప్పటికే రెండోసారి కలుపుకుంటున్నారు. నాకు విస్తరి వేసింది. "తిను. పుల్లపుల్లగా నోటికి బాగుంటుంది" అంది.

నేను రెండు ముద్దలే తిన్నాను.

అక్టోబరు 17

చిన్నది పోయింది.

పొద్దున గూట్లో పక్కకి పడుకుని ఉంది. నోటి దగ్గర నురగ. కాళ్ళు కొట్టుకుంటుంటే ఒళ్ళో పెట్టుకున్నాను. పావుగంట పట్టింది. ఇంత చిన్న ఒంట్లో అంత ఒణుకు ఎక్కడ దాగి ఉందో.

క్యాబేజీ వల్లే. ఇమాం గారు రాశారు కదా, కడుపు ఉబ్బుతుందని. ఆయన సంతలో తెచ్చిన ఆకు ఒకటి మూల పడి ఉంటే తినేసి ఉంటుంది.

మామయ్య దొడ్లో మునగచెట్టు కింద గొయ్యి తీసి పాతిపెట్టారు. ఆయన మొహం పీక్కుపోయి ఉంది. రెండుసార్లు వాంతులయ్యాయట. వయసు మీద పడింది, పులుపు పడటం లేదు అన్నారు.

క్యాబేజీ వల్లే.

అక్టోబరు 18

క్యాబేజీ తెచ్చి పది రోజుల పైనే అయింది. మూల ఏ ఆకూ లేదు. గూడు మొత్తం ఊడ్చి చూశాను.

అయితే డబ్బాలో నీళ్ళు. సరిగ్గా కడగలేదు నేను. నా వల్లే పోయింది. అలా అనుకుంటే భయం తగ్గుతోంది, ఎందుకంటే ఆ నీళ్ళు నేను తాగలేదు.

కానీ పెద్దది కూడా ఆ డబ్బాలోనే తాగింది. గంతులేస్తోంది. గోంగూర కాడలు మాత్రం అది ముట్టలేదు. పులుపు దానికి గిట్టదేమో. దాని వైపు కాడలు వాడిపోయి అలాగే ఉన్నాయి. చిన్నదాని వైపు ఒక్కటీ లేదు.

డబ్బా తీసి గడ్డివాములో దోపాను.

మొన్న రెండు కాదు, మూడు ముద్దలు తిన్నాను. నాలుగోది మజ్జిగ.

అక్టోబరు 19

ఆయన అద్దంకి నుంచి వచ్చారు. చిన్నది ఏమైందని అడిగారు. తెలియదన్నాను. ఇంకోటి తెస్తాలే అన్నారు. వద్దన్నాను. పైచేను కర్ర మీద డబ్బా ఎవడో ఎత్తుకుపోయాడని తిట్టుకుంటూ కొత్తది బోర్లించి వచ్చారు. నేను పొయ్యి దగ్గర ఉన్నాను.

అక్టోబరు 20

పొద్దున లంగాకి మరక. చిన్నది, పావలా అంత.

పోయినసారీ ఇలాగే మొదలయింది. పోయిన కార్తీకానికి ముందూ చేలో ఆకుకూరే తిన్నాం. అప్పుడు కర్ర మీద డబ్బా ఉందో లేదో నేను చూడలేదు. ఎవరు చూశారు?

ఆ రోజు గోంగూర పెట్టినదంతా తిన్నాను. అత్తయ్య రెండోసారి వడ్డించింది, అది కూడా తిన్నాను. విస్తరి తుడుచుకుని తిన్నాను. బాగుంది. అదే రాయలేకపోయాను ఇన్నాళ్ళూ, బాగుందని.

అక్టోబరు 21

మరక ఇంకా ఉంది. ఇమాం గారు పశువుల ఆసుపత్రిలో ఉన్నారని తెలిసి, గేదెకి పేల మందు కావాలని చెప్పి వెళ్ళాను. కాగితం ఇచ్చాను. ఇలా రాశాను: "మందు కొట్టిన మూడు రోజులకు కోసిన ఆకు తింటే కుందేలు చచ్చిపోవునా?" దాని కింద "మనిషి" అని రాసి కొట్టేశాను. రెండు గీతలు గట్టిగా కొట్టాను.

ఆయన ఆ కాగితాన్ని వెలుతురుకి పెట్టి చూశారు. కొట్టేసిన చోటే చూశారు.

"మొదటిదానికి అవును. రెండోది నన్ను అడగొద్దమ్మా. నేను గొడ్ల కాంపౌండర్ని. సత్తెనపల్లిలో లేడీ డాక్టరమ్మ ఉంది. ఇవాళే వెళ్ళు."

కాగితం కోసం చెయ్యి చాచాను.

"నువ్వు తిన్నావా?"

తలకాయ ఊపాను. ఈ ఐదు రోజుల్లో నేను మొదటిసారి నిజం చెప్పింది ఒక పరాయి మగమనిషికి. అదీ తలకాయతో.

ఇంటికి వచ్చి అత్తయ్యకి కడుపులో నొప్పిగా ఉందన్నాను. అంతే అన్నాను. ఆవిడ చేతిలో చేట కింద పెట్టి, ఏ నొప్పి అని కూడా అడగకుండా చీర మార్చుకుంది.

అక్టోబరు 22

నిన్న సత్తెనపల్లిలో జరిగింది రాయాలి. నిన్న అక్కడిదాకా రాసి ఆపేశాను.

డాక్టరమ్మ ఎన్నో నెల అని అడిగింది. నేను నోరు విప్పేలోపు అత్తయ్య చెప్పింది, రెండు నిండి నాలుగు రోజులని. నేను ఎవరికీ చెప్పనిది. చేను రోజులు లెక్కపెట్టని మనిషి నా రోజులు లెక్కపెట్టింది. అప్పుడర్థమయింది నాకు ఆ గోంగూర ఎందుకు తెచ్చిందో. వేవిళ్ళ మనిషికి పులుపు.

ఈ మధ్య ఏం తిన్నావని డాక్టరమ్మ అడిగింది. అత్తయ్యే చెప్పబోయింది, ఏం తింటుందమ్మా, పిట్టలా తింటుంది అని. డాక్టరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "ఆ పిల్లని చెప్పనివ్వండి."

గదిలో ఫ్యాను చప్పుడు. అత్తయ్య నా వైపు చూడటం లేదు, గోడ మీద పాపాయి బొమ్మ చూస్తోంది. చెప్పకపోతే డాక్టరమ్మకి తెలియదు. తెలియకపోతే మందు ఎలా రాస్తుంది? చెబితే ఈ ఇంట్లో నేనెలా ఉండాలి? ఈ రెండే తిరిగాయి తలలో. ఎంతసేపు తిరిగాయో తెలియదు.

"గోంగూర తిన్నాను. మందు కొట్టిన మూడో రోజు కోసింది. అత్తయ్యకి తెలియదు. కర్ర మీద డబ్బా నేనే తీశాను, కుందేళ్ళ నీళ్ళకి."

నా గొంతు నాకే కొత్తగా ఉంది. పెద్దగా ఉంది. బయట బెంచీ మీద వాళ్ళకి కూడా వినపడి ఉంటుంది.

డాక్టరమ్మ తిట్టలేదు. రాసుకుంది. తల తిరిగిందా, చెమటలు పట్టాయా, ఇంట్లో ఇంకెవరికైనా వాంతులయ్యాయా అని వరసగా అడిగింది. మామయ్య సంగతి చెప్పాను. ఆయన్ని కూడా తీసుకురమ్మంది. తర్వాత స్కానింగు. తెర మీద బూడిద రంగులో బఠాణీ గింజంత. మధ్యలో మిణుకు మిణుకుమంటోంది. అదే గుండె అంది.

"దీని వల్లే మరక అయిందని నేను చెప్పలేను, కాదనీ చెప్పలేను. ఇప్పటికైతే కొట్టుకుంటోంది. మంచం దిగొద్దు. చేలో ఆకు ముట్టుకోవద్దు."

ఇప్పటికైతే.

బస్సులో అత్తయ్య కిటికీ పక్కన నన్ను కూర్చోబెట్టి, గతుకులు వచ్చినప్పుడల్లా నా నడుం వెనక చెయ్యి పెట్టింది.

అక్టోబరు 23

పొద్దున ఆయన మామయ్యని సత్తెనపల్లి తీసుకెళ్ళారు. ఇంట్లో మేమిద్దరమే. అత్తయ్య మంచం పట్టె మీద కూర్చుంది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండు అనుకున్నాను.

"ఆ డబ్బా నేను చూశాను" అంది.

ఎప్పుడు అని అడిగాను.

"తిన్న రోజే. సాయంత్రం గూడు పక్కన చీపురు తీయబోతే కనపడింది. మన డబ్బా నాకు తెలియదా?"

"మరి చెప్పలేదేం అత్తయ్యా?"

"నువ్వు బెదిరిపోతావని." దుప్పటి అంచు సర్దింది. "కాదులే. నేనే బెదిరిపోయాను. నా చేత్తో నూరి, నా చేత్తో వడ్డించాను కదమ్మా. రెండోసారి వద్దంటే కూడా వేశాను."

నేను వద్దనలేదు. ఆవిడకి అలా గుర్తుంది. సరిదిద్దలేదు.

చిన్నది పోయిన రోజు మేమిద్దరం మునగచెట్టు దగ్గర నిలబడ్డాం. ఇద్దరికీ తెలుసు. ఇద్దరం క్యాబేజీని తిట్టాం.

నవంబరు 2

చివరిసారి మరక కనపడి తొమ్మిది రోజులయింది. పొద్దున లేవగానే ముందు అదే చూసుకుంటాను. మధ్యాహ్నం చూసుకుంటాను. కూర్చుంటే లేచి చూసుకుంటాను. మామయ్య కోలుకున్నారు, పప్పులో నెయ్యి ఎక్కువ కావాలంటున్నారు.

నవంబరు 6

ఒక సంగతి రాయాలి. నాలుగు రోజులుగా రాయకుండా తప్పించుకుంటున్నాను.

అత్తయ్య ఇప్పుడు ఏ కూర తెచ్చినా ముందు పెద్దదానికి పెడుతోంది. బజార్లో కొన్న బచ్చలి, బెండకాయ తొడిమ, ఏదైనా. అది తిన్నాక గడియారం చూస్తుంది. మధ్యాహ్నం దాకా అది తిరుగుతూ ఉంటే అప్పుడు పొయ్యి మీద పెడుతుంది. "దానికేం కాకపోతే నీకేం కాదు" అంటుంది.

మొదటి రోజు అర్థం కాలేదు. రెండో రోజు అర్థమయింది. మూడో రోజు మంచం మీద నుంచి నేనూ చూస్తూ పడుకున్నాను. అది ఒక చోట కదలకుండా కూర్చుంటే ప్రాణం ఎగిరిపోయింది. దాని కోసం కాదు. నా కోసం. చెవులాడించాక ఆకలి వేసింది, తిన్నాను.

ఇది నాకోసమే తెచ్చిన జీవం.

నవంబరు 9

ఇవాళ అత్తయ్య తోటకూర కట్ట తెచ్చింది. ఎవరో ఊళ్ళోకి అమ్మకానికి తెచ్చారట. ఏ ఊరిదో తెలియదట. రెండు కాడలు తుంచి గూటి దగ్గరికి వెళ్ళింది. పెద్దది వాసన చూసి లేచి వచ్చింది. ఇప్పుడు దానికి నమ్మకం కుదిరింది, చెయ్యి చూస్తే చాలు ముందుకాళ్ళు ఎత్తి నిలబడుతుంది. మొదట్లో మా చేతిలోవి వాసన చూసి వెనక్కి పోయేది. ఆ బుద్ధే దాన్ని బతికించింది. వారం రోజుల్లో మేము ఆ బుద్ధిని పోగొట్టాం.

మంచం దిగాను. దిగకూడదు, అయినా దిగాను.

"అత్తయ్యా, దానికి పెట్టొద్దు."

ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"అనుమానం ఉన్నది నాకూ వద్దు, దానికీ వద్దు."

"కుందేలు కోసం నిన్ను పోగొట్టుకోమంటావా?"

"నా కోసం దాన్ని చంపొద్దంటున్నాను. ఒకటి చాలు."

"మరి ఏం తింటావే నువ్వు? గాలి తింటావా?"

దొడ్లో మడి కట్టి మనమే విత్తనం వేసుకుందామన్నాను. బావి నీళ్ళు పోద్దాం, ఏ మందూ వద్దు. అది మొలిచేదాకా నాకు పప్పు చాలు, దానికి కాలవ గట్టు గరిక చాలు. ఇంత పొడుగు మాట నేను ఈ ఇంట్లో ఎప్పుడూ అనలేదు.

అత్తయ్య కట్ట పట్టుకుని అలాగే నిలబడింది. పెంటకుప్ప మీద వేయబోయి, గేదె మూతి పెడుతుందని ఆగింది. చివరికి గునపం తీసుకుని గొయ్యి తవ్వి పూడ్చింది. తోటకూర కట్టని పాతిపెట్టిన ఇల్లు ఈ మండలంలో మాదొక్కటే అయి ఉంటుంది.

"నోరు లేదనుకున్నాను నీకు" అంది చేతులు కడుక్కుంటూ. కోపమో కాదో తెలియలేదు.

నవంబరు 30

మూడో నెల దాటింది. దాటిందని రాయటానికి కూడా భయం. తోటకూర వేలెడు మొలిచింది.

డిసెంబరు 14

డాక్టరమ్మ నడవమంది. మధ్యాహ్నం గడ్డివాములోంచి ఆ డబ్బా తీశాను. మేకు పెట్టి అడుగునా చుట్టూ బొక్కలు పొడిచాను, పదిహేడు. ఇక నీళ్ళు నిలవవు, గింజలు నిలవవు. ఎవరికీ దేనికీ పనికిరాదు. ఆయన పైచేనుకి వెళ్తుంటే ఇచ్చాను, తీగతో కట్టి బోర్లించమని.

ఈ బొక్కలు ఎవరు పొడిచారని అడిగారాయన. వాకిట్లో బియ్యం ఏరుతున్న అత్తయ్య తల ఎత్తకుండా, నేనే అంది.

ఆయనకి అసలు సంగతి ఇద్దరిలో ఎవరమూ ఇంకా చెప్పలేదు. మరక సంగతి తెలుసు, గోంగూర సంగతి తెలుసు. డబ్బా ఎవడో ఎత్తుకుపోయాడనే అనుకుంటున్నారు. చెప్పాలి. చెప్తాను.

డిసెంబరు 17

చెప్పాను. ఆయన లేచి వెళ్ళి కుందేలు గూటి దగ్గర కూర్చున్నారు, చీకటి పడేదాకా.

డిసెంబరు 28

మన మడిలో తోటకూర మొదటి కోత. పెద్దదానికి గుప్పెడు, తడి ఆరబెట్టి. మిగతాది అత్తయ్య పప్పులో వేసింది. ముందు ఎవరూ తినలేదు, వెనక ఎవరూ తినలేదు. గూటి దగ్గర అది నములుతోంది, వాకిట్లో మేం నములుతున్నాం. అయినా మొదటి ముద్ద మింగే ముందు గూటి వైపు చూశాను. అత్తయ్య కూడా అటే చూస్తోంది.

సాయంత్రం గరిక వేయటానికి వంగితే లోపల ఏదో కదిలింది. ఒక్కసారే. గడ్డిలోకి కప్ప దూకినట్టు. గూటి చువ్వ పట్టుకుని అలాగే ఉండిపోయాను. మంచిదో చెడ్డదో తెలియలేదు.

ఎవరికీ చెప్పలేదు అని రాయబోయాను. చేతికి అలవాటయిపోయింది. కానీ చెప్పాను. అక్కణ్ణుంచే కేకేసి అత్తయ్యకి చెప్పాను. ఆవిడ పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చి, నా పొట్ట మీద చెయ్యి పెట్టబోయి, ఆగి, వెళ్ళి సబ్బుతో రెండుసార్లు కడుక్కుని వచ్చింది.

ఇద్దరం చాలాసేపు అలా నిలబడ్డాం. మళ్ళీ కదల్లేదు. కుందేలు గరిక నమిలే చప్పుడే.

"మళ్ళీ కదిలితే పిలువు" అంది. "నేను ఇక్కడే ఉంటాను."